పైకాయ మీద తేదీ

ఫోను కొనిచ్చిన రోజే మా అమ్మాయి కీర్తిప్రియకు చెప్పాను. “నీ పేరు, ఫొటో, ఊరు ఎక్కడా పెట్టకు. నువ్వెవరో బయటివాళ్లకు తెలియకూడదు.” బుద్ధిగా తలూపింది.

ఇవాళ దాని స్నేహితురాలు అన్విత ఏడుస్తూ వచ్చింది. తన నత్తిని వెక్కిరిస్తూ ఎవరో రోజూ ఆన్‌లైన్‌లో వీడియోలు పెడుతున్నారట. “ఇంక స్కూలుకి వెళ్లనాంటీ,” అంది.

“ఏడవకే. వాళ్లెవరో మా అమ్మ కనిపెడుతుందిలే,” అని కీర్తిప్రియ దాని భుజం మీద చెయ్యి వేసింది.

అన్విత ఫోను తీసుకుని చూశాను. ఆ అకౌంటుకు మనిషి పేరు లేదు, ఊరు లేదు. ముఖం ఉండాల్సిన చోట గడ్డిలో మగ్గుతున్న మామిడికాయ ఉంది.

కాయ మీద పెన్నుతో వేసిన తేదీ ఉంది. మా ఇంట్లో మగ్గబెట్టే ప్రతి గంపలో పైకాయ మీద నేనే అలా వేస్తాను. ఆ అంకెలు నావి.

“ఎవరో తెలిసిందా అమ్మా?” అంది కీర్తిప్రియ, అన్విత భుజం మీద చెయ్యి తీయకుండానే.