పలకని కుర్చీ

ఇలా దగ్గరికి జరగండర్రా, గొంతెత్తి చెప్పే కథ కాదిది. మేడమీద బోర్డు గదిలో మరిది లేచి నిలబడి వదినగారి మొహం మీదే అనేశాడు.

"ఇంక చాలు వదినా. ఛైర్మన్ పని నాకు వదిలెయ్యండి."

దిక్కులేని ముసలమ్మలకి నీడనిచ్చే ధర్మసంస్థ అది. భర్త పోయాక వదినే ఒంటిచేత్తో లాక్కొస్తోంది. మరిదికేమో వాళ్లందర్నీ సాగనంపి ఆ ఇంటిని హోటలు చెయ్యాలని. ఆ సంగతి కింద అందరికీ తెలుసు. అందుకే మెట్ల పొడుగునా కూర్చున్నారు పాపం, చెవులన్నీ పైకే వేసుకుని. ఒకావిడైతే మూట కూడా కట్టేసుకుంది, పొమ్మనిపించుకునేదాకా ఎందుకని.

బోర్డులో ఉన్నదే నలుగురు. డాక్టరు వదిన వైపు చెయ్యెత్తాడు. లాయరు మరిది వైపు ఎత్తాడు, అదీ సగమే. గాలి ఎటు వీస్తే అటు వాలే మనిషిలెండి. తక్కెడ ఎటూ మొగ్గలేదు.

"అయితే అన్నయ్యనే అడుగుదాం," అన్నాడు మరిది నవ్వుతూ.

బల్ల చివర ఆయన కూర్చునే ఛైర్మన్ కుర్చీ ఉంది మరి. మనిషి పోయినా కుర్చీని తియ్యనివ్వలేదావిడ. ప్రతి మీటింగుకీ దాని ముందు గ్లాసుడు మంచినీళ్లు పెట్టాల్సిందే. మీటింగయ్యాక ఆ నీళ్లు తగ్గి ఉంటున్నాయని ఊడ్చే ఆవిడ చెబితే, ఎండలకి ఇగిరిపోయాయిలే అని కొట్టిపారేసేవాళ్లు.

పలకనివాళ్లు ఒప్పుకున్నట్టే అన్నది ఆ బోర్డు పద్ధతి. ఏం తేల్చుకున్నా చివర్లో వదిన కుర్చీవైపు తిరిగేది. "ఏమండీ, మీకు సమ్మతమేనా?" అని కాసేపు ఆగేది. పలకలేదుగా, ఒప్పుకున్నారు, అనేది. ఆ గది గోడలకి ఆకుపచ్చ రంగు వేయించిందీ అలాగే. బతికుండగా ఆయనకి ఆ రంగంటేనే గిట్టేది కాదు. పోయినవాళ్లకేం, ఏ రంగైనా ఒకటే అనుకున్నారు.

మరిది కుర్చీవైపు తిరిగాడు. "అన్నయ్యా, నేను ఛైర్మన్నవుతాను. నీకేమన్నా అభ్యంతరమా?"

ఫ్యాను చప్పుడు తప్ప ఇంకేం లేదు.

"పలకలేదుగా వదినా."

తను పేనిన తాడు తన కాళ్లకే చుట్టుకుంటే ఎవరిని తిడుతుంది? తలొంచుకుంది. ఒక్కటే బతిమాలుకుంది, ఎక్కడైనా కూర్చో నాయనా, ఆ కుర్చీలో మాత్రం వద్దు అని.

"ఛైర్మన్ కుర్చీలో ఛైర్మన్ కాక గాలి కూర్చుంటుందా?" అని దాన్ని లాక్కుని కూర్చున్నాడు.

కొయ్య కుర్చీలా లేదది. వెచ్చగా, మెత్తగా, ఎవరి ఒళ్లోనో కూర్చున్నట్టుంది. అయినా బింకంగా ముందుకు వంగి, నెలాఖరుకల్లా కిందివాళ్లందర్నీ ఖాళీ చేయించండని చెప్పాడు.

ఎవరూ తలెత్తలేదు.

"ఏడీ ఈయన?" అన్నాడు డాక్టరు, గదంతా చూస్తూ.

"ఫోనొచ్చి బయటికెళ్లుంటాడు," అన్నాడు లాయరు.

వరండాలో చూశారు. మెట్ల మీది ముసలమ్మల్ని అడిగారు. మమ్మల్ని దాటుకుని ఎవరూ పోలేదన్నారు వాళ్లు. నేనిక్కడే ఉన్నానంటూ మరిది బల్ల చరిచాడు. అరచెయ్యి మండింది గానీ చప్పుడు పుట్టలేదు.

చూసి చూసి డాక్టరుకి చిర్రెత్తింది. పదవెక్కిన పూటే మాయమైనవాణ్ణి నమ్ముకుంటే పీటల మీంచి లేచిపోయిన పెళ్లికొడుకుని నమ్ముకున్నట్టేనన్నాడు. వదినగారే ఉండాలన్నాడు. గాలి మళ్లింది కదా, ఈసారి లాయరు చెయ్యి పూర్తిగానే లేచింది.

వదిన కళ్లొత్తుకుని కుర్చీవైపు తిరిగింది. సూటిగా మరిది కళ్లలోకే చూసింది. ఆ చూపు అతన్ని దాటుకుని వెనక గోడ మీద ఆగింది.

"ఏమండీ, మీకు సమ్మతమేనా?"

"వద్దు! వదినా, నేనొప్పుకోను!"

గ్లాసులో నీళ్లు సన్నగా వణికాయి. ఫ్యాను గాలి అనుకుంది వదిన. ఎప్పట్లాగే కాసేపు ఆగింది.

"పలకలేదుగా, ఒప్పుకున్నారు."

మెట్ల మీద ఆవిడ మూట విప్పేసుకుంది. నవ్వుకుంటూ అందరూ దిగిపోయారు. డాక్టరు ఫ్యానాపాడు, వదిన తలుపు గడియ పెట్టింది. అరిచి అరిచి మరిది గొంతు పిడచకట్టుకుపోయింది. ముందున్న గ్లాసందుకుని గుక్కెడు తాగి, లేవబోయాడు. చిన్నప్పుడు ఒళ్లోంచి జారిపోకుండా పట్టుకున్నట్టు, వెనకనించి రెండు చేతులు నడుం చుట్టూ బిగిశాయి.

ఇది మరిచిపోకండర్రా, మీ వెనకవాళ్లకీ చెప్పండి. మధ్యలో ఏది తప్పిపోయినా ఫర్వాలేదు, అతని చెవి పక్కన వినబడిన మాట మాత్రం పొల్లుపోకుండా చెప్పండి.

"నాకూ రెండు గుక్కలుంచరా తమ్ముడూ. గోడలకి ఈ రంగు వేసిన రోజునించీ అరుస్తూనే ఉన్నాను."