ఒడ్డుకు కొట్టుకొచ్చిన పీపా

"ఆ పీపా మీద చెయ్యేసినవాణ్ణి ఇక్కడే కాల్చి పారేస్తాను!"

సుబేదారు చలపతిరావు తుపాకీ ఎత్తలేదు. ఎత్తాల్సిన పని కూడా లేకపోయింది. సిపాయి నరసింహం చెయ్యి దానంతటదే వెనక్కి వచ్చేసింది.

హంసలదీవి అవతల, కృష్ణ సముద్రంలో కలిసే చోట, ఇసుకదిబ్బ మీద వాళ్ళ కాపలా శిబిరం. జపాను ఓడలు బంగాళాఖాతంలో తిరుగుతున్న వేసవి అది. మంచినీళ్ళు నాగాయలంక నుంచి పడవలో రావాలి. గాలి తిరగబడి పడవ రావడం మానేసింది. ఎక్కడ తవ్వినా ఉప్పునీళ్ళే.

ఆ ఉదయమే కెరటాలు ఓ పరాయి పడవను ఒడ్డుకు నెట్టి పోయాయి. తెడ్లు ఎక్కడివక్కడే ఉన్నాయి. ఎవరో ఆరేసుకున్న చొక్కా ఇంకా గాలికి కొట్టుకుంటోంది. మనుషులు మాత్రం లేరు. పడవ అడుగున బిగించి మూసిన పీపా, దాన్నిండా నీళ్ళు.

"మూత తీసి వాసన చూశానండీ. మంచినీళ్ళే," అన్నాడు నరసింహం.

"బందరు నుంచి అధికారి వచ్చేదాకా దాన్ని ఎవరూ ముట్టుకోకూడదు. నా డేరాలో పెట్టు."

"కొండలరావు నాలుక పిడచకట్టుకుపోయిందండీ. పొద్దున్నుంచీ వాడి నోట మాట లేదు."

"ఆర్డరు చెప్పాను."

నరసింహం పళ్ళు బిగబట్టి పీపా మోశాడు. ఆయనకు ఎదురు చెప్ప బుద్ధి కాలేదు. నిన్న తన వంతు గుక్కెడు నీళ్ళూ కొండలరావు నోట్లో పోసింది ఈ సుబేదారే. ఆయన చెప్పాడంటే ఏదో కారణం ఉంటుందిలే అని సర్దిచెప్పుకున్నాడు.

ఎండ ముదిరింది. ఇసుక మీద కాలు పెట్టలేకుండా ఉంది. మడచెట్ల వైపు నుంచి పక్షి కూత కూడా లేదు. నీడన పడుకోబెట్టిన కొండలరావు కళ్ళు తేలేశాడు. ఇక కాళ్ళు పట్టుకునైనా అడుగుదామని నరసింహం డేరా దగ్గరకు వెళ్ళాడు.

తెర సందులోంచి చూసి అక్కడే ఆగిపోయాడు.

సుబేదారు పీపాలో గ్లాసు ముంచి గటగటా తాగుతున్నాడు. ఖాళీ చేసి, మూతి తుడుచుకుని, కళ్ళు మూసుకుని కూర్చున్నాడు.

నరసింహానికి ఒళ్ళు మండిపోయింది. చప్పుడు కాకుండా వెనక్కి వచ్చి మిగతావాళ్ళతో చెప్పాడు.

"ఆయనా?" అన్నాడు నాయక్ నాగేశ్వరరావు. "నీకు ఎండదెబ్బ తగిలిందిరా, ఊరుకో."

"ఈ కళ్ళతో చూశాను బాబాయ్! మనం ఇక్కడ చస్తుంటే ఆయన అక్కడ గ్లాసుడు తాగాడు!"

ఒక సిపాయి ఇక ఈ కొలువు అక్కర్లేదన్నట్టు నడుం బెల్టు విప్పి ఇసుకలో పడేశాడు. అతన్ని చూసి ఇంకొకడు. వద్దని కేకలెయ్యాల్సిన నాగేశ్వరరావే చివరికి మగ్గు పట్టుకుని లేచాడు.

అందరూ డేరా చుట్టూ మూగారు.

"సుబేదారు గారూ, పీపా బయటికివ్వండి!"

లోపల్నుంచి జవాబు లేదు.

"మర్యాదగా ఇవ్వకపోతే మేమే తీసుకుంటాం!"

అప్పటికీ ఉలుకూ పలుకూ లేదు. "కడుపునిండా తాగి పడుకున్నట్టున్నాడు," అంటూ నరసింహం తుపాకీ మడమతో తెర నెట్టాడు.

సుబేదారు పీపాకి వీపు ఆనించి, తల వాల్చి కూర్చుని ఉన్నాడు. నరసింహం ఆయన మొహం వైపు చూడలేదు. చూస్తే మళ్ళీ భయపడతానేమో అనిపించింది. ఆయన్ని దాటుకుని, నాగేశ్వరరావు చేతిలోని మగ్గు అందుకుని పీపాలో ముంచాడు. చల్లటి నీళ్ళు. పెదవుల దాకా తెచ్చుకున్నాడు.

ఓ చెయ్యి అతని మణికట్టును పట్టుకుంది. ఆ వేళ్ళు నీళ్ళకన్నా చల్లగా ఉన్నాయి. మగ్గు ఒలికి కింద పడింది.

నరసింహం అప్పుడు తల తిప్పి చూశాడు. సుబేదారు పెదవులు నల్లబడిపోయాయి. నోటి చివర నురగ కట్టింది.

"పారబొయ్యండి... ఒక్క చుక్క కూడా వద్దు," అన్నాడాయన, ఒక్కో మాటా కూడదీసుకుంటూ. "కొండలరావు నోట్లో పోద్దామనే... ముందు నేను తాగి చూశాన్రా."