క్లాసుకి రాని పిల్లాడు

“అలాంటి పిల్లాడే లేడు సయోకో! ఇవాకిరి మాస్టారు మన చెవిలో పువ్వు పెట్టారు, అంతే,” అన్నాడు షిగెహారు, బల్ల మీది దుమ్ము అరచేత్తో తుడిచి కూర్చుంటూ.

సయోకో ఇంకో కాగితాల కట్ట విప్పింది. పాత హాజరు పట్టీలు, గ్రూపు ఫొటోలు పొద్దుటినుంచీ వెతుకుతూనే ఉంది. చేరే పిల్లలు లేక ఆ కొండ ఊరి బడి రేపటితో మూతపడుతోంది. పాత విద్యార్థులంతా చివరిసారి చూసిపోదామని వచ్చారు. మియాజాకి పట్నంలో లెక్కలు చెప్పుకునే సయోకో మాత్రం ఆ పిల్లాడి ఆచూకీ కోసం వచ్చింది. నలభై ఏళ్ళ కిందట అన్న ఒక మాటకి అతన్ని క్షమించమని అడగాలి.

“లేనివాడికోసమా మనం వెయ్యి కాగితపు కొంగలు మడిచింది?”

“మడిచాం. జబ్బు నయం కావాలని వేళ్ళు వాచేలా మడిచాం. దండలు చేతికిస్తే మాస్టారు నవ్వాపుకోలేకపోయారు, గుర్తులేదూ? ఏ చెత్తబుట్టలోకి పోయాయో పాపం!”

ఆరో తరగతి మొదటి రోజే మాస్టారు చెప్పారు. “మన క్లాసులో ఇంకొకరున్నారు. ఇక్కడికొచ్చి కూర్చునే వీలు లేదు. మీ నోటుబుక్కే వాళ్ళకి క్లాసు. ఉత్త జవాబు రాస్తే వాళ్ళకేం తెలుస్తుంది? ఎలా ఆలోచించారో, ఎందుకలా చేశారో రాయండి.” ఆసుపత్రిలో పడుకున్న పిల్లాడన్నది పిల్లలు సొంతంగా అల్లుకున్న కథ.

రబ్బరు వాడనిచ్చేవారు కాదు. “తప్పు చెరిపేస్తే మీరొచ్చిన దారి కూడా పోతుంది. గీత కొట్టి పక్కన రాయండి,” అనేవారు. సాయంత్రం నోటుబుక్కులన్నీ సంచీలో వేసుకుపోయేవారు. పొద్దున వాటిలో అక్కడక్కడా వంకర టింకర అక్షరాలు కనబడేవి: ‘ఇక్కడ ఆగిపోయాను.’ ఒక్కోసారి పేజీ మూల నూనె మరక కూడా ఉండేది. ఆసుపత్రిలో ఏం పెడుతున్నారో అని పిల్లలు జాలిపడేవాళ్ళు.

సయోకో లెక్కల్లో చురుకు. జవాబు చిటికెలో చెప్పేది, రాయమంటే మాత్రం ప్రాణం మీదికొచ్చేది. ఒకనాటి లెక్క ఇది: రెండు లీటర్ల పాలు, కప్పుకి లీటరులో మూడో వంతు, మొత్తం ఎన్ని కప్పులు? ‘తిరగేసి గుణించాలి. ఆరు,’ అని రాసి పడేసింది.

మర్నాడు కింద ఇలా ఉంది: ‘ఇక్కడ ఆగిపోయాను. భాగిస్తే తగ్గాలి కదా, ఎందుకు పెరిగింది?’

ఎందుకో సయోకోకీ తెలియదు. తెలియనప్పుడే కదా కోపం ముక్కు మీదుండేది! ‘ఈ మాత్రం తెలీదా, మొద్దూ!’ అని బరికేసింది. మరుక్షణం గుండె జారిపోయింది. చెరుపుదామంటే రబ్బరు లేదు. గీత కొడితే ఆ మాట ఇంకా కొట్టొచ్చినట్టు కనబడింది. ఈలోగా సంచీ వచ్చి నోటుబుక్కుని తీసుకుపోయింది.

తర్వాత పది రోజులు ఆమె పేజీల్లో ఒక్క ప్రశ్న లేదు. అన్నం సహించలేదు. పదకొండో రోజు కూర్చుని మూడు పేజీలు రాసింది. కప్పుల బొమ్మలు గీసింది. ‘ఒక లీటరులో మూడు కప్పులు పడతాయి. రెండు లీటర్లలో ఆరు. కప్పు చిన్నదయ్యే కొద్దీ ఎక్కువ కప్పులొస్తాయి.’ రాస్తూ రాస్తూ ఉంటే ఆ లెక్క తనకే మొదటిసారి అర్థమైంది. క్షమించమని రాయడానికి మాత్రం సిగ్గు అడ్డొచ్చింది.

మర్నాడు ‘అర్థమైంది’ అని ఒకే ఒక్క ముక్క వచ్చింది. ఆ మధ్యాహ్నం బడి భోజనంలో, నూనెలో వేయించి పంచదార అద్దిన బన్నులు ఆమెకి రెండు పడ్డాయి. ఆ రోజు తన అదృష్టం బాగుందనుకుంది.

“మనచేత రాయించడానికి మాస్టారే ఎడమచేత్తో రాసుంటారు,” అన్నాడు షిగెహారు. “ఇంత పట్టుదల ఎందుకే నీకు?”

“ఒక మాటన్నాను.”

“ఏమని?”

“వదిలెయ్. ఇన్నేళ్ళూ ఎవరికీ చెప్పలేదు, ఇప్పుడు నీకు చెప్తానా?”

షిగెహారు మాటే నిజమైతే ఆ మాట తగిలింది మాస్టారికే. ఆయనా నిరుడే పోయారు. ఇక అడగడానికి ఎవరూ లేరు. సయోకో కళ్ళు తుడుచుకుని అతని వెనకే మెట్లు దిగింది.

కింద వంటగది కిటికీ ముందు వరస కట్టారు. వాళ్ళ రోజుల్నుంచీ బడిలో వండుతున్న కికుయో పిన్ని ఎనభై దాటినా గరిటె ఎవరికీ ఇవ్వలేదు. పంది మాంసం, ముల్లంగి వేసిన మిసో సూప్ పొగలు కక్కుతోంది.

“పిన్నీ, ఇవాళైనా చివరివాళ్ళకి మిగుల్తుందా? మా ఆరో తరగతి మొదట్లో ఉత్త గిన్నెలు చూసుకుని ఏడ్చేవాళ్ళం!” అన్నాడు షిగెహారు.

“మొదట్లోనే కదరా! చలికాలం వచ్చాక ఎప్పుడన్నా తక్కువైందా? అయినా నీ పొట్టకి ఏ లెక్క ఆనుతుందిరా!”

వరసంతా నవ్వింది.

“నలభై ఏళ్ళు బళ్ళో ఉన్నారు. మా అందరికంటే మీ చదువే పెద్దది పిన్నీ,” అన్నాడు షిగెహారు.

“బళ్ళో ఉంటే చదువొస్తుందా నాయనా? అయిదో తరగతిలోనే మా నాన్న పొలానికి తోలేశాడు. ఇక్కడ గంట కొడితే మీరు క్లాసుకి, నేను పొయ్యి దగ్గరికి.”

సయోకో వంతు వచ్చింది. పిన్ని పెద్ద గిన్నెలోకి ఓసారి తొంగిచూసింది.

“పన్నెండు లీటర్లు. గిన్నెకి మూడో వంతు. ముప్పై ఆరుగురికి సరిగ్గా వస్తుంది.”

సయోకో తల పైకెత్తింది. పిన్ని వెనక గోడకి, మసిపట్టి రంగు వెలిసిన కాగితపు కొంగల దండలు వేలాడుతున్నాయి. అవి తాము మడిచినవే.

“పిన్నీ... ఈ లెక్క మీకు...”

పిన్ని ఆమె పళ్ళెంలో పంచదార బన్ను ఒకటి పెట్టింది. పక్కనే ఇంకొకటి పెట్టింది.

“ఈ మొద్దుకి అర్థమయ్యేలా రాసింది నువ్వే కదమ్మా.”