ఇల్మా రాసుకున్న మాటలు

ఆట సగమయ్యేసరికి నెలీ ఇక ఉండబట్టలేకపోయింది. తాగుతున్న మాతే ఆకుల కషాయం పక్కన పెట్టి, ఇల్మా చేతిలోంచి నోటుపుస్తకం లాక్కుంది.

ఫిన్లాండ్ నుంచి వచ్చి రెండు నెలలుగా నెలీ వాళ్లింట్లో అతిథిగా ఉంటోంది ఆ పిల్ల. పన్నెండేళ్లుంటాయి. నెలీ కూతురు మికేలా ఆడే ఫుట్‌బాల్ జట్టులోనే చేరింది. బెంచీ మీద కూర్చున్నంతసేపూ, నెలీ కూతురి మీద అరిచినప్పుడల్లా ఏదో రాసుకుంటుంది.

"ఏంటే ఇది? మా మీద మీ అమ్మకి చాడీలా?"

"కాదు పిన్నీ, నువ్వనే మాటలే," అంది ఇల్మా వచ్చీరాని స్పానిష్‌లో. "మా ఊళ్లో ఆటప్పుడు అమ్మలు నోరు మెదపరు. అందుకే నేర్చుకుంటున్నా."

నెలీ నమ్మలేదు. పేజీ తిప్పింది. 'మొద్దావతారం. గుడ్డిదానా. నిన్ను కన్నందుకు సిగ్గుగా ఉంది.'

"వీటి అర్థం తెలుసా నీకు?" ఆమె గొంతు తగ్గింది.

"మికేలాని అడిగా. అన్నిటికీ అర్థం ఒకటేనంది."

"ఏమని?"

"బాగా ఆడు, అమ్మ చూస్తోంది, అని."

నెలీ పుస్తకం మూసి ఇల్మా చేతిలో పెట్టింది.

ఈల మోగింది. ఆట మళ్లీ మొదలైన కాసేపటికే బంతి మికేలా కాళ్ల మధ్యనుంచి జారిపోయింది. ఆ పిల్ల భుజాలు ముడుచుకుని తల్లివైపు చూసింది.

నెలీ నోరు తెరిచింది. పుస్తకంలోని మాటలే నాలుక మీదికొచ్చాయి. వేరే మాటలేవీ అలవాటు లేవు. చివరికి చెయ్యి పైకెత్తి ఊపింది.

మికేలా ఆ చేతివంక అనుమానంగా చూసింది. ఊపింది తనకేనా అని వెనక్కి తిరిగి చూసుకుంది. వెనక ఎవరూ లేరు.