లోయకు ఒకే ఒక్క టికెట్టు

ఆదివారం నేషనల్ పార్కు లోయకు ఒంటరిగా వెళ్లొస్తానని బుకింగ్ గుమాస్తా వారం ముందు నుంచే ట్రావెల్స్ ఆఫీసంతా టముకు వేశాడు. వెళ్లే ఉద్దేశం మాత్రం అతనికి బొత్తిగా లేదు.

ఆ రోజు అతను వెళ్లాల్సింది అత్తగారి బీరువా దగ్గరికి. అందులో ఆవిడ నగలున్నాయి. ఆవిడ వాటిని పెట్టుకోదు, అమ్మదు, కూతురికీ ఇవ్వదు. పైగా ఇంట్లో చెంచా కనపడకపోయినా ముందు అల్లుడి జేబుకేసి చూసే రకం. అందుకే ఈసారి అల్లుడు ఊళ్లోనే లేడని పదిమందీ సాక్ష్యం చెప్పాలి. నగలు చేతికొస్తే సొంత ఆఫీసు తెరిచి, ఈ టికెట్ల కౌంటరుకు ఓ దణ్ణం పెట్టేయొచ్చు.

ఏళ్ల తరబడి ఆ లోయకు టికెట్లు అమ్ముతున్నాడు గానీ ఒక్కసారైనా అటు వెళ్లిన పాపాన పోలేదు. గడ్డీ, మబ్బూ చూడ్డానికి డబ్బు పోసి మరీ జలగల చేత కరిపించుకునే జనమంటే అతనికి చులకన. ఆ మాటకొస్తే అతనికి చులకన కానిదెవరు? అందరిలోకీ చులకన బావమరిది, అత్తగారి ఒక్కగానొక్క కొడుకు. అతన్ని గుమాస్తా మనసులో ‘మొద్దు’ అనుకునేవాడు. కోపమొస్తే పైకే అనేవాడు. అయితే వెనక నుంచి చూస్తే ఇద్దరిదీ ఒకటే పొడుగు, ఒకటే భుజాలు. దేవుడు ఆ మొద్దుకిచ్చిన గొప్పతనం అదొక్కటేనని గుమాస్తా అభిప్రాయం.

శనివారం సాయంత్రం మొద్దును ఎదురుగా కూర్చోబెట్టుకుని అంతా పూసగుచ్చినట్టు చెప్పాడు.

“మొదటి బస్సెక్కు. నా ఎర్ర కోటు, నా టోపీ వేసుకో. నా ఫోను పట్టుకెళ్లు. గేటు దగ్గర టికెట్టు చూపించి తల వంచుకుని లోపలికి పో. పేరడిగితే నా పేరు చెప్పు. మరిచిపోవు కదా?”

“మరిచిపోను బావా.”

“లోయంతా కనపడేలా ఫోటోలు తియ్యి. నీ మొహం పడిందో, చంపేస్తా. జనంలో తిరక్కు. రెండో జలపాతం దాటితే కాలిబాట చివర ఓ బండ ఉంటుంది. రెయిలింగు లేదని అటెవరూ పోరు. సాయంత్రం దాకా అక్కడే పడుండు.”

“అటెవరూ రారా, బావా?”

“చెప్పింది చెవికెక్కదట్రా? నరమానవుడు రాడు.”

మొద్దు కాసేపు ఆలోచించాడు. “మరి రేపు నేనెక్కడున్నానని ఎవరైనా అడిగితే?”

“ఇంట్లో పడుకుని నిద్రపోయానని చెప్పు. నీ మొహం చూస్తే ఎవరైనా నమ్ముతారు.”

నమ్మరని గుమాస్తాకు తెలుసు. బీరువా పగలకుండా నగలు పోతే అనుమానమంతా తాళంచెవి అందుబాటులో ఉన్నవాడి మీదికే పోతుంది. పోనీ. వాటా అడగడం కూడా చేతకానివాడు ఏమైపోతేనేం?

“నాకు నగలెందుకు బావా, అమ్మ తరవాత ఇల్లెలాగూ నాదేగా,” అన్నాడు మొద్దు, తాళంచెవి అందిస్తూ. “పొద్దున్నే అమ్మను ఇంట్లోంచి బయల్దేరదీసే పూచీ నాది.”

ఎక్కడికని గుమాస్తా అడగలేదు. బీరువాను వదిలి కదిలితే చాలు, ఆవిడ ఏ గంగలో దూకినా అతనికి ఫరవాలేదు.

ఆదివారం అంతా సాఫీగా సాగిపోయింది. భార్య ఆసుపత్రి డ్యూటీకి వెళ్లగానే అతను అత్తగారింటి పెరటి గుమ్మంలోంచి దూరాడు. బీరువా నోరెత్తకుండా తెరుచుకుంది. నగల మూట తనింటికి తెచ్చి, రాత్రికి అటకెక్కిద్దాంలే అని ప్రస్తుతానికి సోఫా దిండు కింద కుక్కాడు. కిటికీలు మూసుకుని హాయిగా ఓ కునుకు తీశాడు.

సాయంత్రం మొద్దు వచ్చి కోటూ, టోపీ, ఫోనూ, టికెట్టూ ఒప్పజెప్పాడు.

“ఎలా ఉందిరా లోయ?”

“చాలా లోతు, బావా.”

లోయ లోతుగా కాక మిద్దెలా ఉంటుందా? గుమాస్తా తనలో తను నవ్వుకుని అతన్ని సాగనంపాడు.

అరగంట తిరక్కుండానే ఇన్‌స్పెక్టర్ వచ్చాడు. వచ్చి సరిగ్గా ఆ దిండు మీదే కూర్చున్నాడు. టోపీ తీసి చేతిలో పట్టుకుని, “మీ అత్తగారి విషయం ఒకటి చెప్పాలండీ...” అని నసిగాడు.

గుమాస్తా ఆయన్ని మాట పూర్తి చెయ్యనివ్వలేదు.

“నాకు తెలుసండీ! ఏం జరిగినా ఆవిడకు ముందు నేనే గుర్తొస్తాను. అసలివాళ నేను ఊళ్లో ఉంటేగా? లోయకు వెళ్లాను. మా ఆఫీసులో ఎవర్నైనా అడగండి. ఇదిగో టికెట్టు. ఇవిగో ఫోటోలు.”

ఇన్‌స్పెక్టర్ మొహంలో నసుగుడు పోయింది. ఫోను అందుకుని ఒక్కో ఫోటో నిదానంగా చూశాడు.

“ఇవి జలపాతం అవతలి బండ మీద నుంచి తీసినవి కదూ?”

“అవును. మధ్యాహ్నమంతా అక్కడే ఉన్నాను.”

“ఆ గోడకు తగిలించిన ఎర్ర కోటు...”

“అదే వేసుకెళ్లాను.”

“మధ్యలో ఎవరికైనా ఇచ్చారా?”

“నా వస్తువులు నేనెవరికీ ఇవ్వనండీ.”

“మీతో ఇంకెవరైనా వచ్చారా?”

ఈ పోలీసు బుర్రలకు అన్నీ విడమరిచి చెప్పాలి కాబోలని గుమాస్తాకు విసుగేసింది. “ఒక్కణ్ణే వెళ్లాను. టికెట్టు ఒక్కటే, చూశారుగా? ఆ బండ మీద నేను తప్ప నరమానవుడు లేడు.”

ఇన్‌స్పెక్టర్ లేచి, వీధి తలుపు గడియ పెట్టి వచ్చాడు.

“మధ్యాహ్నం ఆ బండ మీద నుంచి మీ అత్తగారిని ఎర్ర కోటువాడెవడో లోయలోకి తోసేశాడు, దూరం నుంచి చూసిన గార్డుకు మొహం కనపడలేదట, ముందు మీకు కబురు చెప్పి, ఆనక వాడి కోసం ఊరంతా వెతుకుదామని వచ్చాను, మీరు నాకా శ్రమ లేకుండా చేశారు.”