తెల్లతుమ్మ కర్ర

“ఒక్క దెబ్బకే ఇరిగింది! ఇదేనా నువ్వు జేసిన నల్లతుమ్మ కర్ర?”

ఐలేశం రెండు ముక్కలైన కర్రను వడ్రంగి రామచంద్రయ్య ముందు విసిరికొట్టాడు. ఒక ముక్క ఎగిరిపోయి చెక్కపేళ్లలో పడింది. నాగలికి మేడి చెక్కుతున్న రామచంద్రయ్య బాడిశ ఆపలేదు.

“సూడు! మీద మసి, ఆముదం రుద్ది నల్లగ జేసినవ్. లోపలంత తెల్లగున్నది, పురుగు దొల్సింది. ఇది తెల్లతుమ్మ! నల్లతుమ్మ చేవ ఎట్లుంటదో నాకు ఎరుక లేదనుకున్నవా? ఎర్రగ, ఇనుము లెక్కుంటది!”

“ఎరుకనే గద. అందుకే మసి పూసిన.”

ఐలేశానికి ఒళ్లు మండిపోయింది. దొంగపని చేసి, దాన్ని మొహం మీదే చెబుతాడా ముసలాడు!

“ఇంతకు దేన్ని గొట్టినవ్?” అన్నాడు రామచంద్రయ్య.

“దేన్నేంది? మా అన్నను, భిక్షంగాన్ని! మోట కాడ నా వంతు నీళ్లు మలుపుకున్నడు. నెత్తికి గురి జూసి ఏసిన, భుజాన తగిలింది. కర్ర ఇరిగింది. వాడు భుజం దులుపుకొని పోయిండు. అందరు ఒకటే నవ్వుడు!”

“నల్లతుమ్మదైతే?”

“మల్ల లేస్తుండెనా వాడు?”

బాడిశ ఆగింది. రామచంద్రయ్య లేచి నిలబడ్డాడు.

“ఆ మాట అననీకె నీకు సిగ్గు లేదా? నల్లతుమ్మ నేను నాగండ్లకు పెడ్త, బండి గీరెలకు పెడ్త. మనిషి నెత్తి పలగ్గొట్టనీకె పెట్ట. రజాకార్ల నాడు గూడ మన ఊర్లె అన్న మీద తమ్ముడు కర్ర లేపలే!”

“నీ నీతులు నాకొద్దు! ఏటేటా కళ్లం కాడ నీకు గింజలు కొలుస్తున్న. ఏది జెయ్యమంటే అది జెయ్యాలె. అసలైన నల్లతుమ్మ కర్ర, గిప్పుడే, నా కండ్ల ముందర!”

“తప్పదా?”

“తప్పదు!”

రామచంద్రయ్య కొట్టం మూలకు వెళ్లి ఒక నల్లతుమ్మ దుంగను ఈడ్చుకొచ్చి పడేశాడు. ఐలేశం వంగి, బెరడు కొంచెం లేపి, లోపలి ఎరుపు చూసుకొని తలూపాడు. రామచంద్రయ్య బాడిశ అందుకున్నాడు.

“సరే ఐలేశా, జేస్త. మీ అన్న గూడ నాకు గింజలు కొలుస్తడు. ఇంతకు ముందే వచ్చి, ఆయనకు గూడ ఒక కర్ర జెయ్యమని చెప్పి పోయిండు. దానికి ఏ తుమ్మ పెట్టాల్నో నువ్వే జెప్పు.”