రంగూన్ ఉగాది కార్డు

"పట్టపగలు తలుపేసుకుని ఏం చేస్తున్నావే?"

అత్త పెద్దింట్లమ్మ గొంతు వినగానే లోవమ్మ చేతిలోని అట్టముక్కని చీర కుచ్చిళ్ళ కింద దాచేసింది. వేళ్ళకున్న గంజి కుచ్చిళ్ళకి అంటుకుంది.

"పిల్లకి జడేస్తున్నానత్తా!"

"జడకి తలుపెందుకే, వెంట్రుకలు ఎగిరిపోతాయనా? సర్లే విను. మీ పెదమావ నన్ను దారిలో ఆపి మరీ చెప్పాడు. ఈ ఉగాదికి బుల్లియ్య దగ్గర్నించి ఏ కబురూ రాకపోతే పెద్దల్ని కూర్చోబెట్టి, వాడు పోయినట్టేనని తేల్చేస్తాడంట."

అత్త అడుగుల చప్పుడు దూరమయ్యాక లోవమ్మ అట్టముక్కని మళ్ళీ బయటికి తీసింది.

బుల్లియ్య ఎక్కణ్ణించి కబురు పంపుతాడు? రంగూన్ రేవులో బస్తాలు మోస్తూ కలరా తగిలి పోయి రెండేళ్ళయింది. ఆ మాట ఓడ కళాసీ పల్లంరాజు తెచ్చి, ఏటి గట్టున లోవమ్మ చెవిన వేశాడు. ఆమె ఎవరికీ చెప్పలేదు. మొగుడు పోయిన పడుచుపిల్లకి పదకొండో రోజున గాజులు తీసి పుట్టింటికి పంపేయడం ఆ జాలరిపేట కట్టుబాటు. ఏడాది తిరక్కుండా మారుమనువు చేసేస్తారు. కడుపున పుట్టిన పిల్ల మాత్రం తండ్రి ఇంటిది, తల్లి వెంట పంపరు. అందరికంటే లోవమ్మకి అత్తంటేనే భయం. మనవరాలిని రాత్రుళ్ళు కూడా పక్కలోంచి దించని మనిషి, నిజం తెలిస్తే పిల్లని వదులుతుందా?

అందుకే ఈ కార్డు. బుల్లియ్య బతికుండగా ఒక ఉగాదికి, అక్కడి దొరలు పండక్కి పంపుకునే బొమ్మ కార్డు ఒకటి కొని పంపాడు. అతనికి అక్షరమ్ముక్క రాదు కాబట్టి దానిమీద రాత లేదు. రాత లేని కార్డు ఎవరు చేస్తేనేం? నిరుడు ఉగాదికి లోవమ్మ ఒకటి చేసింది. అందరూ నమ్మారు.

సామాన్లన్నీ ఇంట్లోవే. బట్టల తానులోంచి వచ్చిన అట్ట. ఆకాశానికి పసుపు, పొద్దుకి కుంకుమ, పడవకి కాటుక. తెరచాపకి చిరిగిన రవికె ముక్క, తాళ్ళకి వల దారం. నీళ్ళని ఎలా మెరిపించాలో మాత్రం తోచలేదు. ఇల్లంతా వెతికితే పిల్ల ఆడుకునే కొబ్బరిచిప్పలో ఎండిన చేప పొలుసులు కనిపించాయి. ఒక్కొక్కటే గంజిలో ముంచి వరసగా అతికింది. అట్టమీద ఏరు తళతళలాడింది.

"అయ్య పడవా?" అంది మూడేళ్ళ కూతురు.

"అయ్య పడవే. ఎవరికీ చెప్పకేం," అంది లోవమ్మ.

ఉగాది పొద్దున్నే, అనుకున్న ప్రకారం పల్లంరాజు వచ్చాడు. "పెద్దమ్మా, నిన్ననే ఓడ దిగాను. బుల్లియ్య ఇది నీకిమ్మన్నాడు."

పెద్దింట్లమ్మ కార్డు అందుకుని కళ్ళకద్దుకుంది. మరుక్షణం వీధిలో ఉంది. "చూడండర్రా! నా కొడుకు పంపాడు! మర్చిపోయాడన్న నోళ్ళన్నీ ఇటు రండి!"

ఆడవాళ్ళంతా మూగారు. అరుగుమీంచి పోతురాజు లేచాడు. బుల్లియ్యకి పెదనాన్న, పేటకి పెద్ద. కార్డుని ఎండకి పెట్టి అటూ ఇటూ తిప్పాడు. ఒక పొలుసుని గోటితో గీకి వాసన చూశాడు.

"ఇది పులస పొలుసు."

లోవమ్మ ఒకడుగు వెనక్కి వేసింది. అరవై ఏళ్ళుగా వల లాగుతున్న మనిషి ముందుకి పొలుసుతో వచ్చింది తను.

"గోదారి పులస రంగూన్ ఎలా పోయింది మరదలా? టిక్కెట్టు కొనుక్కుని ఓడెక్కిందా?" పోతురాజు మొహంలో నవ్వు లేదు.

"భలేవాడివి బావా!" పెద్దింట్లమ్మ గొంతు పెంచింది. "సముద్రంలో చేప మన ఏటికి ఎదురెక్కినట్టే వాళ్ళ ఏటికీ ఎక్కుద్ది. గోదారంటే మీ తాత తవ్వించాడు గనక మీదే అనుకుందాం. సముద్రంలో చేపల్ని కూడా మీ తాతే తోలాడా? ఏరా పల్లంరాజూ, చెప్పవేం?"

"అక్కడా దొరుకుద్ది బాబూ. మొన్న కూడా తిన్నాం," అన్నాడు పల్లంరాజు, నేల చూస్తూ.

చుట్టూ ఉన్నవాళ్ళు గొల్లుమన్నారు. పోతురాజు కార్డు తిరిగిచ్చేశాడు. "సరే. ఈసారి బొమ్మని కాదు, మనిషిని రమ్మను," అని అరుగెక్కాడు.

ఇంట్లోకి రాగానే పెద్దింట్లమ్మ తలుపు గడియ వేసింది. కార్డుని దేవుడి పటం పక్కన నిలబెట్టి, పిల్లని ఒళ్ళోకి తీసుకుని గోడకి చేరగిలబడింది. లోవమ్మ పొయ్యి దగ్గర కూర్చుని పచ్చడిలోకి బెల్లం తరుగుతోంది.

"ఏడాదికొకటైతే మీ పెదమావ ఇంక నమ్మేలా లేడే," అంది పెద్దింట్లమ్మ, పిల్ల తల నిమురుతూ. "దీపావళికి కూడా ఒకటి చెయ్యి."

లోవమ్మ చేతిలోంచి బెల్లం దిమ్మ జారిపోయింది. "అత్తా..."

"గట్టిగా అనకు. వాడి కబురు పల్లంరాజు నాకే ముందు చెప్పాడు. ఏడుపొస్తే ఇంట్లో ఏడవకే, పక్కింటికి వినబడుద్ది. రేపు పొద్దున్నే నాతో దోనె ఎక్కు. రెండేళ్ళ నించి నేను ఏటి మధ్యకి పోయే ఏడుస్తున్నాను."